లదేణి నుంచి లెక్కల తరగతి దాకా

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వైపు ముంబయి రహదారి మీద పోతుంటే కంది దగ్గర హైదరాబాద్ ఐఐటీ కనబడుతుంది. 2008లో మొదలైన ఆ సంస్థ తొలి ఏండ్లలో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో నడిచి, తర్వాత కందికి వచ్చింది. అదే రోడ్డు మీద తెల్లవారక ముందే తండాల నుంచి ఆటోలు, కంపెనీ బస్సులు బయలుదేరుతాయి. పాశమైలారం, పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి షెడ్లలో మన అన్నలు, వదినలు షిఫ్టులు చేస్తారు. ఐఐటీ సీట్లలో నూటికి ఏడున్నర ఎస్టీలకు ఉన్నాయి. ఆ గేటు మన తండాలకు ఇంత దగ్గర్లో ఉన్నా, పదో తరగతి అయిపోయిన మన పిల్లవాడిని ఏ గ్రూపు తీసుకుంటావని అడిగితే ఎక్కువసార్లు వినే జవాబు ఒకటే: "నాకు లెక్కలు రావు సార్. సీఈసీ తీసుకుంట."

సీఈసీ చదవడంలో తప్పు లేదు. ఇష్టపడి తీసుకుంటే అది మంచి చదువే. లెక్కలంటే భయపడి తీసుకున్నప్పుడే బాధ. మేము తండాల్లో పుట్టి, హాస్టళ్లలో చదివి, ఇప్పుడు బడుల్లో పాఠాలు చెబుతున్నవాళ్లం. ఆ మాటను మేమూ ఒకప్పుడు అన్నవాళ్లమే. "లెక్కలు రావు" అన్న మాట తల్లి కడుపులో నుంచి వచ్చింది కాదు. ఎవరో ఎప్పుడో నేర్పితేనే అది మన నోటికి వచ్చింది. ఎప్పుడు వచ్చింది, ఎట్లా వచ్చింది అన్నదే ఈ వ్యాసం.

లదేణి కాలం

మన పెద్దలు బడి మొఖం చూడలేదు. కానీ లెక్క తెలియకుండా ఒక్క రోజు కూడా బతకలేదు. ఎద్దుల మీద గోనెలు వేసుకుని ధాన్యం, ఉప్పు మోసిన వ్యాపారాన్ని మనం లదేణి అంటాం. దక్కన్‌కు వచ్చిన మొఘల్ సైన్యాలకు తిండిగింజలు చేర్చింది ఈ లదేణి తండాలే. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లండు యాత్రికుడు దారిలో ఒక బంజారా తండాను చూసి, అందులో 14,000 ఎద్దులు ఉన్నాయని రాసుకున్నాడు. అదే శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి వచ్చిన టావెర్నియే కూడా పది పన్నెండు వేల ఎద్దుల బిడారులను చూసి ఆశ్చర్యపోయాడు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. పద్నాలుగు వేల ఎద్దులు నడవాలంటే ఎన్ని లెక్కలు తేలాలి? ఒక్కో ఎద్దు ఎంత బరువు మోస్తుంది, రోజుకు ఎంత దూరం నడుస్తుంది, ఏ ఊరి చెరువులో ఎన్ని ఎద్దులకు నీళ్లు సరిపోతాయి, కొన్న ధరకు దారి ఖర్చు కలిపితే అమ్మే ధర ఎంత ఉండాలి, వచ్చిన లాభంలో ఏ ఇంటికి ఎంత వాటా. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, నిష్పత్తి, లాభనష్టాలు అన్నీ ఇందులోనే ఉన్నాయి. కాగితం మీద రాయలేదు కాబట్టి అది గణితం కాకుండా పోదు.

రాసిన గణితం కూడా మనకు దూరంగా ఏమీ పుట్టలేదు. మనకు పడమర దిక్కున, ఇప్పటి కలబురగి జిల్లాలో ఉన్న మాల్ఖేడ్ ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం' రాశాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన దానిని తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో మనకు దొరికిన మొదటి గణిత గ్రంథం అదే. వ్యాపారం, వంట, వైద్యం, ఇల్లు కట్టడం, పాట, ఆట అన్నింటికీ గణితం కావాలని మహావీరాచార్యుడు తన పుస్తకం మొదట్లోనే చెప్పాడు. వెయ్యేండ్ల కిందటి పండితుడు గణితాన్ని పనిలో చూశాడు. మన బడి మాత్రం చాలాకాలం దానిని నల్లబల్ల మీదనే చూసింది.

లెక్క పెట్టేవాళ్లం లెక్కకెక్కిన కాలం

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం పడింది. అది మన ప్రాంతం పక్కనుంచే, వికారాబాద్, శంకర్‌పల్లి, లింగంపల్లి మీదుగా పోతుంది. రైలు వచ్చాక ఎద్దుల మీద ఉప్పు మోయించుకునే అవసరం ఎవరికీ లేకుండా పోయింది. ఉప్పు మీద బ్రిటిష్ సర్కారు గుత్తాధికారం ఆ దెబ్బను ఇంకా పెంచింది. లదేణి ఆగిపోయింది. వ్యాపారులుగా బతికిన మనుషులు అడవి అంచున పశువులు కాసేవాళ్లుగా, పాలేర్లుగా, కూలీలుగా మారారు.

అంతకు మూడేండ్ల ముందే, 1871లో, బ్రిటిష్ ఇండియాలో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. సంచారం చేసే అనేక జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా రాసిపెట్టిన చట్టం అది. దాని కింద పేర్లు నమోదు చేసి, పిలిచినప్పుడల్లా హాజరు చూపించుకోవాలన్నారు. అంతకు ముందు గోనెలు లెక్కపెట్టిన మనుషులను ఇప్పుడు ఠాణాలో లెక్కపెట్టారు. 1952లో ఆ ముద్రను చట్టం నుంచి తీసేశారు. మనుషుల మనసుల్లోంచి అది అంత తొందరగా పోలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నామో ముందుకు పోతే తెలుస్తుంది. తరగతి గదిలో ఒక పిల్లవాడి జాతి పేరు ఎట్లా పలికితే వాడి చేయి ఎట్లా వణుకుతుందో దానికీ ఈ ముద్రకూ సంబంధం ఉంది.

బడికి ఆలస్యంగా వచ్చినవాళ్లం

నిజాం రాజ్యంలో పెద్ద చదువు ఉర్దూలో ఉండేది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం గణితం, సైన్సు కూడా ఉర్దూలోనే చెప్పింది. తెలుగు మాట్లాడే రైతు బిడ్డకే ఆ బడి పరాయిది. గోర్‌బోలి మాట్లాడే తండా బిడ్డకు అది కనుచూపు మేరలో లేదు.

అదే రాజ్యంలో ఒక మంచి ప్రయత్నం కూడా జరిగింది. కుమురం భీం పోరాటం తర్వాత నిజాం సర్కారు పంపగా హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మధ్యకు వచ్చాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు వచ్చాయి. పిల్లవాడి భాషలో, పిల్లవాడి జాతి మనిషే పాఠం చెబితే చదువు నిలబడుతుందని ఆ రోజుల్లోనే మన ఆదివాసీ అన్నలు చూపించారు. మన మెతుకుసీమలో అలాంటిది జరగలేదు.

ఇంకో సంగతి యువతరం తప్పక తెలుసుకోవాలి. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు, లంబాడీలు ముందే షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నారు. తెలంగాణలో లేరు. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టం మరుసటి ఏడు అమల్లోకి వచ్చాకే ఇక్కడి తండాలకు ఆ గుర్తింపు దక్కింది. హాస్టలు, స్కాలర్‌షిప్పు, రిజర్వేషను అప్పటి నుంచే. అంటే బడిలో మన వయసు యాభై ఏండ్లు కూడా నిండలేదు. పక్క ఊళ్లో తాత పట్వారీ, తండ్రి పంతులు అయిన ఇంట్లో పిల్లవాడికి మూడు తరాల లెక్కల పుస్తకాలు అటక మీద ఉంటాయి. మన ఇంట్లో మొదటి లెక్కల పుస్తకం మన చేతిలోనే ఉంటుంది. ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి, ఒకే ప్రశ్న అడిగి, మనవాడు ఒక్క క్షణం ఆలస్యం చేస్తే "వీళ్ల బుర్ర ఇంతే" అనడం చరిత్ర తెలియక అనే మాట.

నాలుగు భాషల్లో అంకెలు

మన పిల్లవాడు ఇంట్లో ఏక్, ది, తీన్ అని లెక్కపెడతాడు. బడికి వస్తే ఒకటి, రెండు, మూడు. పటాన్‌చెరు సంతకు పోతే, బీహారు, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఉండే గల్లీలో ఆడుకుంటే హిందీ. 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది కాబట్టి ఇప్పుడు వన్, టూ, త్రీ.

నాలుగు భాషలు రావడం బలమే. కానీ ఒక్కో భాష అంకెను ఒక్కో తీరుగా కడుతుంది. తెలుగులో ఇరవై తర్వాత దారి తిన్నగా ఉంటుంది. ఇరవై ఒకటి, ఇరవై రెండు అంటే పది ముందు, ఒకట్లు తర్వాత. స్థాన విలువ మాటలోనే వినబడుతుంది. హిందీలో ఇరవై తొమ్మిదిని ఉంతీస్ అంటారు. అది ముప్పైకి ఒకటి తక్కువ అన్న అర్థంలో పుట్టిన మాట. ఇంగ్లిషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ చెవికి ఒకేలా పడతాయి. పంతులు ఫిఫ్టీన్ అంటే 50 అని రాసిన పిల్లవాడికి గణితం రాక కాదు, చెవి తడబడింది. ఎర్ర సిరాతో కొట్టేసిన గీత మాత్రం వాడికి గణితం రాదనే చెబుతుంది. అలాంటి గీతలు పది చూశాక వాడే ఆ మాట నమ్ముతాడు.

మాటలు కూడా అంతే. కసాగు, గసాభా, సౌష్ఠవం, లంబం. తెలుగు ఇంటి పిల్లలకే అవి బరువైన మాటలు. తీసివేతలో "పక్కింటి నుంచి పది అప్పు తెచ్చుకో" అని చెబుతాం. ఒకసారి మా తరగతిలో ఒక చిన్నది లేచి, "అప్పు తెచ్చుకున్నాం కదా సార్, తిరిగి ఎప్పుడిస్తాం?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఇంటికి పోయాక గాని తెలియలేదు, అది తెలివైన ప్రశ్న అని. పదుల స్థానంలో ఉన్న ఒక పదిని విడగొట్టి ఒకట్లుగా మార్చడమే ఆ పని. ఎవరూ ఎవరికీ అప్పు ఇవ్వడం లేదు. నోట్లు చిల్లర చేసుకోవడం అని చెప్పి ఉంటే ఆమెకు వెంటనే తెలిసేది. అప్పు అంటే ఏమిటో ఆ ఇంటికి బాగా తెలుసు, అందుకే అడిగింది. ఆ నవ్వు తర్వాత ఆమె చాలా రోజులు చేయి ఎత్తలేదు. మన తప్పు మనమే రాసుకోవాలి కనుక ఇక్కడ రాస్తున్నాం.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియాలతో పాటు బంజారా కూడా అందులో ఉంది. అంటే మన భాషలో పాఠం చెప్పవచ్చని సర్కారే ఒప్పుకుంది. కానీ సంగారెడ్డి ప్రాంతం ఐదో షెడ్యూలు కింద లేదు. ఏజెన్సీలో ఉన్నంత గిరిజన యంత్రాంగం ఇక్కడ లేదు. మన భాష తెలిసిన టీచరు దొరకడం ఇక్కడ అదృష్టం మీద ఆధారపడిన సంగతి.

కంపెనీలు, చెరుకు, గజాలు

బీహెచ్‌ఈఎల్ 1960లలో రామచంద్రాపురంలో వచ్చింది. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. 1970లు, 80లలో పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలు పెరిగాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి పార్లమెంటుకు గెలిచారు. ఆ దశాబ్దమంతా మందుల కంపెనీలు, రసాయన కంపెనీలు వచ్చాయి. నక్కవాగు నీళ్లు రంగు మారాయి. పొలాలు పాడైన రైతులు 1990 నుంచి సుప్రీంకోర్టులో కొట్లాడవలసి వచ్చింది. పొలం పోయిన చోట కూలి వచ్చింది.

పిల్లవాడి లెక్కల ధైర్యానికీ దీనికీ ఏం సంబంధం? మూడు సంబంధాలున్నాయి.

మొదటిది వలస. నారాయణఖేడ్, కంగ్టి, సిర్గాపూర్, నాగల్‌గిద్ద వైపు తండాల్లో దీపావళి దాటాక చెరుకు కొట్టే పనికి కుటుంబాలు కదులుతాయి. వేసవికి గాని తిరిగిరావు. కొందరు పిల్లలు వెంట పోతారు, కొందరు అవ్వ దగ్గర ఉండి బడి మానేస్తారు. సాంఘికశాస్త్రంలో ఒక పాఠం పోతే తర్వాతి పాఠం చదువుకోవచ్చు. లెక్కల్లో అట్లా కుదరదు. భిన్నాలు పోతే దశాంశాలు అర్థం కావు. దశాంశాలు పోతే శాతాలు అర్థం కావు. బీజగణితం వచ్చేసరికి పిల్లవాడు పూర్తిగా దిక్కు తప్పుతాడు. వాడికి మాత్రం మధ్యలో మెట్టు పోయిందని తెలియదు. తనకే ఎక్కడం రాదనుకుంటాడు.

రెండోది పని గంటలు. అమ్మ పగటి షిఫ్టు, నాన్న రాత్రి షిఫ్టు. ఇంటిపని చూసుకోమనేవాళ్లు ఉండరు. ఒకే గదిలో అయిదుగురు. పొద్దంతా నిలబడి వచ్చిన తల్లికి పిల్ల నోటుపుస్తకం తెరిచి చూపితే, "నాకేం తెలుసు బిడ్డా" అంటుంది. ఆమెకు తెలుసు. తనకు తెలిసింది లెక్కలే అని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మూడోది, మన ఇంటి లెక్కకూ బడి లెక్కకూ మధ్య తెగిన తాడు. తండాలో ఎవరినైనా అడగండి: నూటికి రెండు రూపాయల మిత్తికి పదివేలు తెస్తే నెలకు ఎంత? రెండువందలని వెంటనే చెబుతారు. ఏడాదికి? రెండువేల నాలుగువందలు. అదే పిల్లవాడిని తరగతిలో "సంవత్సరానికి 24 శాతం చొప్పున 10,000 రూపాయల మీద సాధారణ వడ్డీ కనుక్కోండి" అని అడిగితే పెన్ను కొరుకుతాడు. రెండూ ఒకే లెక్క. ఒకటి మన వాకిట్లో ఉంది, ఇంకొకటి పుస్తకంలో ఉంది. మధ్యలో వంతెన వేయవలసినవాళ్లం మనమే.

పరిశోధకులు ఏం కనుక్కున్నారు

ఈ తెగిన తాడు మన ఒక్కరిదే కాదు. 1985లో బ్రెజిల్ దేశంలో రెసిఫె నగరంలో కొబ్బరికాయలు, పండ్లు అమ్మే ఐదుగురు పిల్లల మీద ముగ్గురు పరిశోధకులు ఒక అధ్యయనం అచ్చు వేశారు. బేరగాళ్లలా వెళ్లి అడిగితే పిల్లలు నూటికి 98 లెక్కలు సరిగా చెప్పారు. వాటినే కథ లెక్కలుగా అడిగితే 74. మామూలు అంకెలుగా కాగితం మీద ఇస్తే 37. పిల్లలు వాళ్లే, లెక్కలు అవే.

2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వాళ్ల సహచరులు మన దేశం గురించే రాశారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1400 మందికి పైగా పిల్లలను చూశారు. బజారులో కష్టమైన లెక్కలను నోటితో చేసేవాళ్లు బడి తీరు లెక్కల దగ్గర ఆగిపోయారు. తమాషా ఏమిటంటే, బడిలో బాగా చేసే పిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు. అంటే లోటు ఒక్క వైపే లేదు. తండా పిల్లవాడికి కాగితం నేర్పాలి, కాగితం పిల్లవాడికి బజారు నేర్పాలి.

ఇంకో అధ్యయనం మన గుండెకు దగ్గరది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారుల ఆట ఇచ్చారు. కులం చెప్పకుండా ఆడించినప్పుడు దళిత పిల్లలు, పై కులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. అందరి ముందు కులం పేరు చదివి ఆడించినప్పుడు దళిత పిల్లలు వెనకబడ్డారు. 2006లో అచ్చైన పరిశోధన అది. పిల్లల తెలివి ఆ నిమిషంలో తగ్గిపోలేదు. తమను ఎట్లా చూస్తారోనన్న బెదురు చేతిని పట్టుకుంది. "హాస్టలోళ్లు", "ఎస్టీలు లేవండి" అని స్కాలర్‌షిప్పు ఫారాల కోసం లెక్కల పీరియడ్ మధ్యలో లేపిన రోజులు మాలో చాలామందికి గుర్తున్నాయి. కూర్చున్నాక బల్ల మీది లెక్క చాలాసేపు కనబడేది కాదు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఆల్బర్ట్ బండూరా అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1977లో ఒక పని మనం చేయగలమన్న నమ్మకం నాలుగు చోట్ల నుంచి పుడుతుందని చెప్పాడు. తాను చేసి గెలిచిన అనుభవం. తనలాంటివాడు చేస్తుండగా చూడడం. నమ్మిన మనిషి చెప్పే మాట. ఆ సమయంలో తన ఒళ్లు, మనసు ఉన్న తీరు. మన పిల్లవాడిని ఈ నాలుగింటితో కొలవండి. చిన్న లెక్కలో గెలిచే అవకాశం రాలేదు, ఎందుకంటే పాఠం వాడి మెట్టు దాటి పోయింది. తనలాంటి లెక్కల టీచరును చూడలేదు. వినబడిన మాట "మీకెందుకురా లెక్కలు" అన్నది. పరీక్ష అంటే గుండె దడ. ఇక ధైర్యం ఎక్కడి నుంచి రావాలి?

దేశమంతా ఇదే బాధ ఉందని 2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం కోసం గణిత బోధన మీద రాసిన పత్రం ఒప్పుకుంది. ఎక్కువమంది పిల్లల్లో గణితం పట్ల భయం, ఓడిపోతామన్న భావన ఉన్నాయని మొదటి సమస్యగా రాసింది. పరీక్షలు మొరటుగా ఉన్నాయని, ఉపాధ్యాయులకు తగిన తయారీ లేదని కూడా రాసింది. అందరికీ ఉన్న భయమే మన పిల్లలకు రెండింతలు ఉంది. అంతే తేడా.

ఆడపిల్లల సంగతి

మన ఆడపిల్లలకు ఇంకో బరువు ఉంది. లెక్కలు మగపిల్లల చదువని ఇంట్లో అంటారు, బడిలోనూ అంటారు. వాళ్ల నాయనమ్మ కుట్టిన పేట్యా, కాంచళి ఒకసారి తీసి పరచండి. అద్దాలు, చతురస్రాలు, త్రిభుజాలు. మధ్య గీత దగ్గర మడిస్తే కుడి ఎడమలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. పుస్తకం సౌష్ఠవం అన్నది దానినే. ముందు గీతలు గీసుకోకుండా, కుట్లు లెక్కపెట్టుకుంటూ అంత పెద్ద బట్టను నింపిన చేయి జ్యామితి తెలిసిన చేయి. ఆ బట్టను తరగతిలోకి తెచ్చిన రోజు మా బడిలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి ముందుకు వచ్చి చూపించింది. అది మా నాయనమ్మది అన్నది. ఆ రోజు పాఠం ఆమే చెప్పింది.

మనం ఏం చేయాలి

ఉపాధ్యాయులకు మా మనవి. ఏడాది మొదట్లో పిల్లవాడు ఏ తరగతిలో కూర్చున్నాడో కాదు, ఏ మెట్టు మీద నిలబడ్డాడో చూడండి. చదవడం, చతుర్విధ ప్రక్రియలు రానివాళ్లకు అవి నేర్పాలని 2022లో తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. దానిని రిజిస్టరులో నింపే పనిగా కాకుండా నిజంగా చేయండి. వలస నుంచి వచ్చిన పిల్లలకు పోయిన పాఠాలు విడిగా చెప్పండి. తప్పు చేసినప్పుడు "ఎట్లా చేశావు, చెప్పు" అని అడగండి. సగం తప్పులు భాషవి, సగం దాటిపోయిన మెట్టువి అని మీకే తెలుస్తుంది. కథ లెక్కను ఒకసారి గోర్‌బోలిలో చెప్పించండి. మీకు రాకపోతే పెద్ద పిల్లల చేత చెప్పించండి. జాతి పేరుతో లేపే పని ఏదైనా ఉంటే తరగతి బయట, విడిగా చేయండి.

లెక్కలను మన చుట్టూ ఉన్న బతుకు నుంచి తీయండి. రెండు ఉదాహరణలు ఇస్తున్నాం. మన పెద్దలు భూమిని ఎకరాల్లో అమ్మారు. అదే భూమి వెంచరులో గజాల్లో అమ్ముడుపోయింది. గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు. ఎకరానికి ఎన్ని గజాలు? 4840. దారులు వదలకుండా చూస్తే 200 గజాల ప్లాట్లు ఎన్ని వస్తాయి? 24 వచ్చి 40 గజాలు మిగులుతాయి. గజం ధర, ఎకరం ధర పక్కపక్కన రాయించండి. ఈ ఒక్క లెక్కలో గుణకారం, భాగహారం, శేషం, తండా చరిత్ర అన్నీ ఉన్నాయి.

రెండోది జీతం లెక్క. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలని రాసింది. గంటకు 60 రూపాయల చొప్పున ఒక మనిషి వారానికి ఆరు రోజులు, రోజుకు 12 గంటలు చేశాడనుకోండి. మొత్తం 72 గంటలు. ఓవర్‌టైం 24 గంటలు. గంటకు 120 చొప్పున 2880 రూపాయలు రావాలి. మామూలు కూలియే లెక్క కడితే 1440 వస్తుంది. ఒక్క వారంలో 1440 రూపాయల తేడా. ఈ లెక్క తెలిసిన కొడుకు, బిడ్డ ఉన్న ఇంట్లో జీతం చీటీని ఊరికే మడిచి జేబులో పెట్టుకోరు. గణితం రాకపోతే పోయేది మార్కులు మాత్రమే కాదని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. "నువ్వు చేయగలవు" అని వీపు తట్టడం ఒక్కటే చాలదు. చేయి పట్టి చేయించకుండా ఇచ్చే ధైర్యం మొదటి పరీక్షకే కరిగిపోతుంది. రోజూ ఒక లెక్క, వాడి మెట్టుకు తగినది, వాడే పూర్తి చేయాలి. ధైర్యం ఆ పూర్తయిన లెక్కల కుప్ప మీద నిలబడుతుంది. ఇంటి లెక్క వచ్చు కదా అని కాగితం లెక్కను వదిలేయడమూ తప్పే. పోటీ పరీక్ష కాగితం మీదనే జరుగుతుంది.

యువతకు మా మాట వేరే ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు గ్రామపంచాయతీలయ్యాయి. మన తండా బడ్జెట్టు మన చేతికి వచ్చింది. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లు, ఐటీఐ చేసినవాళ్లు, కంపెనీలో కొలతలు తీసే పని చేసేవాళ్లు మీ తండాలో ఎవరో ఒకరు ఉంటారు. వారానికి ఒక్క సాయంత్రం, పంచాయతీ వరండాలో పిల్లలను కూర్చోబెట్టండి. గొప్ప పాఠాలు అక్కరలేదు. తమ తండావాడు, తమ భాషవాడు సుద్దముక్క పట్టుకుని లెక్క చేస్తుండగా వాళ్లు చూడాలి. మాలో కొందరికి అలా ఒక అన్న దొరికాడు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాం.

వచ్చే జూన్‌లో మన తండా నుంచి పదో తరగతి దాటే పిల్లవాడిని అందరూ మళ్లీ అడుగుతారు, ఏ గ్రూపు అని. వాడు ఏది చెప్పినా ఫరవాలేదు. "లెక్కలు రావు" కాబట్టి అని మాత్రం చెప్పకుండా చూసుకుందాం. లెక్కలు వచ్చినవాళ్ల మనుమళ్లం మనం.